నరం చిట్లకముందు పదేళ్లు

పరామర్శకు వెళ్లిన ఇళ్లలో తరచూ ఒక మాట వింటాం. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నాడండీ. పొద్దున లేచి తలనొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు, అక్కడే కూలబడిపోయాడు. మెదడులో నరాలు చిట్లాయన్నారు." విన్నవాళ్లం తలూపుతాం. ఎవరి రాత ఎలా ఉందో అంటాం. తిరిగొచ్చే దారిలో పోయినాయన వయసును మన వయసుతో పోల్చుకుని కాసేపు భయపడతాం, ఇల్లు చేరేసరికి మరిచిపోతాం. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఏమీ అడక్కపోవడం మర్యాదే. బయటికొచ్చాకైనా మనలో మనం అడుక్కోవాల్సినవి కొన్నున్నాయి. ఆయనకు బీపీ ఉందా? ఎన్నేళ్లుగా ఉంది? మాత్ర వేసుకునేవాడా, మానేశాడా? మానేస్తే ఎవరి మాట విని మానేశాడు? పడిపోయిన నిమిషానికీ స్కాన్ తీసిన నిమిషానికీ మధ్య ఎన్ని గంటలు గడిచాయి? ఆ గంటలు ఎవరి చేతుల్లో కరిగిపోయాయి?

ఇవి మనం అడగం. అడిగితే వచ్చే జవాబుల్లో మన పేర్లు కూడా ఉంటాయి. ఇంటివాళ్లం, ఇరుగుపొరుగువాళ్లం, మందుల షాపువాళ్లం, ఆర్ఎంపీలం, డాక్టర్లం, పత్రికలవాళ్లం, ఓట్లు అడిగేవాళ్లం, ఓట్లు వేసేవాళ్లం, అందరం ఉంటాం.

లోపల జరిగేది ఇది. మెదడు లోతుల్లో చాలా సన్నటి ధమనులుంటాయి. ఏళ్ల తరబడి వాటిలో రక్తం ఎక్కువ ఒత్తిడితో పారితే గోడలు మందమెక్కి, పెళుసుబారి, అక్కడక్కడా బలహీనపడతాయి. ఏదో ఒకరోజు ఒకటి చిట్లుతుంది. కారిన రక్తం గడ్డగా పేరుకుని చుట్టూ ఉన్న మెదడును నొక్కుతుంది. పుర్రె ఎముక సాగదు, లోపల ఖాళీ చోటు లేదు. ఇలా రక్తస్రావమైన వాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఆ గడ్డ మొదటి కొన్ని గంటల్లోనే ఇంకా పెరుగుతుంది. కాబట్టి మనిషి పడిపోయేసరికే అంతా అయిపోయినట్టు కాదు, అసలు నష్టంలో కొంత మన కళ్లముందు, మనం ఏం చేద్దామా అని తర్జనభర్జన పడుతుండగా జరుగుతుంది. వేర్వేరు దేశాల లెక్కలు కలిపి చూస్తే ఈ రక్తస్రావానికి గురైనవాళ్లలో సుమారు 40 శాతం మంది నెల తిరక్కుండానే చనిపోతున్నారు.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో, తన బొమ్మ గీయించుకుంటూ కూర్చుని ఉండగా తల వెనక భరించలేని నొప్పి అన్నాడు. ఆ తర్వాత స్పృహ తప్పింది. డాక్టరు చూసేసరికి రక్తపోటు 300/190. రెండు మూడు గంటల్లో పోయాడు. వయసు 63. వైట్‌హౌస్ వైద్యుడు మెకింటైర్ ఇది ఏ సూచనా లేకుండా వచ్చిపడిందన్నట్టు లోకానికి చెప్పాడు. కానీ 1944 వసంతంలోనే హోవర్డ్ బ్రూయెన్ అనే యువ గుండె వైద్యుడు అధ్యక్షుణ్ని పరీక్షించి రక్తపోటు బాగా ఎక్కువగా ఉందనీ, గుండె కూడా దెబ్బతింటోందనీ తేల్చాడు. చనిపోయేదాకా ఆ అంకెలు నమోదవుతూనే వచ్చాయి. బ్రూయెన్ 1970లో వాటిని వైద్యపత్రికలో అచ్చువేశాకగానీ జనానికి నిజం తెలియలేదు.

రూజ్‌వెల్ట్ కాలంలో రక్తపోటును నమ్మకంగా దించే మందు లేదు. ఉప్పు తగ్గించమనీ, విశ్రాంతి తీసుకోమనీ చెప్పడం తప్ప వైద్యులు చేయగలిగింది పెద్దగా లేదు. హాయిగా మింగగలిగిన మొదటి మాత్రలు 1958 ప్రాంతంలో వచ్చాయి. ఇప్పుడు మన మండల కేంద్రంలోని ఏ మందుల షాపులోనైనా అమ్లోడిపిన్ దొరుకుతుంది. జనఔషధి దుకాణంలో మాత్ర రూపాయికి అటూ ఇటూగా ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. ప్రపంచాన్ని శాసించిన మనిషికి దొరకని మందు మన ఊరి కూలీకి దొరుకుతోంది. అయినా ఆ కూలీ రూజ్‌వెల్ట్ పోయినట్టే పోతున్నాడు. అప్పటి తప్పు విజ్ఞానానిది అనుకుంటే, ఇప్పటిది మనది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో పదిమందికి దాదాపు ముగ్గురికి, ఆడవాళ్లలో నలుగురికి ఒకరికి రక్తపోటు ఎక్కువగా ఉంది లేదా దానికి మందు వాడుతున్నారు. ప్రతి ఇంట్లో ఒకరన్నమాట. మరి ప్రతి ఇంట్లో మనం వాళ్లకేం చెబుతున్నాం? "బీపీ మాత్ర ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే, ఎందుకు అలవాటు చేసుకుంటావ్?" ఈ సలహా ఇవ్వని బాబాయి, వినని అన్నయ్య మన కుటుంబాల్లో ఉన్నారా? "చూపించుకుంటే నార్మల్ వచ్చింది, అందుకే ఆపేశా" అన్నవాళ్లకు, మాత్ర వేసుకుంటున్నావు కాబట్టే నార్మల్ వచ్చిందని నోరు తెరిచి చెప్పినవాళ్లం ఎందరం? "నాకు టెన్షన్ లేదు, నాకెందుకొస్తుంది బీపీ" అన్న మేనమామ మాటకు ఎదురు చెప్పడం అమర్యాద అనుకున్నాం. టెన్షన్‌కూ బీపీకీ ఉన్న సంబంధం మనం అనుకునేంత లేదు. చెమటోడ్చే రైతుకూ వస్తుంది, ప్రశాంతంగా పూజ చేసుకునే పెద్దావిడకూ వస్తుంది. చాలామందికి ఏ బాధా తెలియదు. తల తిరిగినప్పుడే బీపీ ఉన్నట్టు, తిరక్కపోతే లేనట్టు మనం పెట్టుకున్న లెక్క తప్పుడు లెక్క.

ఇల్లాలి మాత్ర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నెల సరుకుల చీటీలో ఆయన షుగరు మాత్రలుంటాయి, అత్తగారి మోకాళ్ల నొప్పుల తైలం ఉంటుంది. ఆమె బీపీ మాత్ర అయిపోయి పదిరోజులైనా ఆమె చెప్పదు, మనం చూడం. డబ్బాలో మందుందో లేదో మూత తీసి చూసే అలవాటు చదువుకున్న కొడుకులకూ రాలేదు, కూతుళ్లకూ రాలేదు.

ఉప్పు దగ్గరా ఇంతే. రోజుకు అయిదు గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక చెంచా కూడా నిండదు. మన అన్నంలో ఆవకాయ, గోంగూర, మజ్జిగలో ఉప్పు, మధ్యలో వడియం, అప్పడం. ఆవకాయను వదిలేయమని నేను అడగలేను, ఎవరూ వినరు. కానీ సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఒకటుందనీ, చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మంది మీద పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించినప్పుడు పక్షవాతం 14 శాతం తగ్గినట్టు తేలిందనీ మన ఊళ్లో ఎంతమందికి తెలుసు? మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరునడక్కుండా దాన్ని వాడకూడదన్న జాగ్రత్తతో సహా ఇది ప్రతి కిరాణా కొట్టు దాకా చేరాల్సిన విషయం. మనం చేర్చలేదు.

మన వైద్యులు కూడా దీనికి బాధ్యులే. చీటీ మీద మాత్ర పేరు రాసి, "వాడండి" అని తర్వాతి పేషెంటును పిలిస్తే, ఎందుకు వాడాలో, ఆపితే ఏమవుతుందో ఆ మనిషికి ఎవరు చెప్పాలి? దేశమంతటా రక్తపోటు అదుపు కోసం 2017లో మొదలైన పథకానికి ఎంచుకున్న తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆంధ్రలో 104 బండి నెలనెలా ఊళ్లోకి వచ్చి మందులిచ్చే పద్ధతి 2008 నుంచి ఉంది. పథకాలు లేవని కాదు. మాత్రల పొట్లం అందాక ఆ మనిషి వాటిని మింగుతున్నాడా అన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. ఆశా కార్యకర్తను తిట్టడం తేలిక. ఆమె ఇంటికొచ్చి బీపీ చూస్తానంటే "ఇప్పుడు తీరిక లేదమ్మా" అన్నది మనమే.

ఇక చిట్లిన రోజు సంగతి.

మూతి ఒక పక్కకు జారుతుంది. చెయ్యెత్తమంటే ఒకటి లేస్తుంది, ఇంకోటి కిందికి వాలిపోతుంది. మాట ముద్దముద్దగా వస్తుంది, లేదా మనం చెప్పింది అర్థంకాదు. కొందరికి ఇవేమీ లేకుండా భరించలేని తలనొప్పి, వాంతి, మగత, ఫిట్స్. ఇందులో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా 108కి ఫోన్ చేసి, ఎన్నింటిదాకా మనిషి మామూలుగా ఉన్నాడో గడియారం చూసి గుర్తుపెట్టుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. ఇంతే. కష్టమైన విద్య కాదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఒక పీరియడ్‌లో నేర్పొచ్చు. నేర్పలేదు.

బదులుగా మనం చేసేది మనకు తెలుసు. ముందు నుదుటికి బాము రాస్తాం. "గ్యాస్ తన్నింది" అని సోడా తెప్పిస్తాం. ఎండాకాలమైతే ఎండదెబ్బ అని మజ్జిగ పోస్తాం. మింగడం చేతకాని మనిషికి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని మనకు ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెడతాం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెడతాం. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో నురగ బయటికి పోనిచ్చి, ఊపిరి ఆడేలా చూడాలన్న చిన్న విషయం తట్టదు. ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చూసి పది వేళ్లకూ సూదులు గుచ్చి రక్తం పిండినవాళ్లున్నారు. పావురం రక్తం పూస్తే పక్షవాతం పోతుందని నమ్మి, ఆస్పత్రి దారిలో ఉన్న బండిని వెనక్కి తిప్పించినవాళ్లున్నారు. వాళ్లను చూసి నవ్వడానికి నాకు మనసు రాదు. ప్రేమతోనే చేశారు. ఆ ప్రేమకు సరైన దారి చూపాల్సిన చదువుకున్నవాళ్లం అప్పుడు ఎక్కడున్నాం?

చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఇంకో రకం ఆలస్యం. గుండెపోటు అనుకుని నాలుక కింద మాత్ర, నోట్లో ఆస్పిరిన్. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది పైకి చూసి ఏ మహావైద్యుడూ చెప్పలేడు. రెండింటి లక్షణాలూ ఒకటే. మొదటిదానికి గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు ఇస్తారు. రెండోదానికి అదే మందు ఇస్తే ప్రాణం పోతుంది. తేడా చెప్పేది స్కానే. లండన్‌లో 1971లో మొదటిసారి మనిషి తలను సీటీలో చూశారు. కొత్తగా చేరిన రక్తం అందులో తెల్లగా, స్పష్టంగా కనబడుతుంది, కొన్ని నిమిషాల పని. అది చూడకుండా ఇంట్లో ఇచ్చిన ఆస్పిరిన్ కారుతున్న రక్తాన్ని ఆగనీయకపోవచ్చు. బీపీ మిషనులో పెద్ద అంకె చూసి కంగారుపడి ఉన్నవాటిలో రెండు మాత్రలు ఒకేసారి మింగించడమూ అంతే తప్పు. ఎంత వేగంగా, ఎంతదాకా దించాలో ఆసుపత్రి చూసుకోవాలి.

ఇంకొక ఆలస్యం మన కాలానిది. కొడుకు హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉంటాడు. తండ్రి మాట తడబడుతుంటే తల్లి ముందు కొడుక్కి ఫోన్ చేస్తుంది. అక్కడ రాత్రి. ఎత్తేదాకా ఆగుతుంది. ఎత్తాక వీడియోలో చూస్తాడు, తెలిసిన డాక్టరు స్నేహితుణ్ని అడుగుతానంటాడు. ఏ ఆసుపత్రి మంచిదో వెతుకుతాడు. తల్లికి సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం మనం ఏనాడూ ఇవ్వలేదు, అందుకే ఆ పూట ఆమె ఆగింది. దూరంగా ఉన్న పిల్లలు ప్రతి నెలా డబ్బు పంపుతున్నాం. "నాన్నకిలా అయితే నాకు చెప్పొద్దు, ముందు 108కి చెప్పు" అన్న ఒక్క మాట మాత్రం పంపలేదు.

ఆ 108 పుట్టింది మన దగ్గరే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై దేశమంతా పాకింది. ప్రమాదానికీ, కాన్పుకూ దాన్ని పిలవడం నేర్చుకున్నాం. మూతి వంకరపోయినప్పుడు మాత్రం ఆటో ఎక్కించి దగ్గర్లోని నర్సింగ్‌హోముకు తీసుకెళ్తాం. అక్కడ గ్లూకోజు సీసా పెడతారు. గంటసేపు చూసి "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అంటారు. రెండో చోట స్కాన్ ఉంటుంది, న్యూరోసర్జన్ ఉండడు. మూడో చోటికి వెళ్లేసరికి రాత్రవుతుంది. పాడేరు, రంపచోడవరం కొండల మీద ఇంకా డోలీ కట్టి మోస్తున్న పల్లెలున్నాయి. వాళ్లకు ఈ మూడు చోట్లు కూడా లేవు. జిల్లాలో రాత్రి రెండు గంటలకు సీటీ స్కాన్ ఎక్కడ తీస్తారో, తల ఆపరేషన్ ఎక్కడ చేస్తారో రాసిన ఒక్క కాగితం పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎందరినో నిలబెట్టింది, అది మన గర్వం. కార్డు జేబులో పెట్టుకుని తప్పుడు ఆసుపత్రిలో మూడు గంటలు కూర్చున్నవాళ్లను మాత్రం ఆ కార్డు కాపాడలేదు.

ఆసుపత్రికి చేరాక కూడా మన ఓటమి ఆగలేదు. మెదడులో రక్తస్రావం అనగానే చేసేదేమీ లేదనే నిస్పృహ వైద్యరంగంలో చాలాకాలం ఉండేది. 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, మన దేశంతో సహా పది దేశాల్లో, సుమారు ఏడు వేలమంది రోగుల మీద, కొన్ని మామూలు పనులు ఒక కట్టగా, త్వరగా చేస్తే ఏమవుతుందో చూశారు. గంటలోపు రక్తపోటును 140కి దించడం, చక్కెర, జ్వరం అదుపులో పెట్టడం, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు విరుగుడు ఇవ్వడం. వైకల్యమూ తగ్గింది, మరణాలూ తగ్గాయి. ఇందులో ఏ ఒక్కదానికీ కోట్ల యంత్రం అక్కర్లేదు, జిల్లా ఆసుపత్రిలో చేయగలిగినవే. కానీ "లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్న మాట మనవాళ్లకు మొదటి రాత్రే వినబడుతుంది. రక్తస్రావమైన రోజే ఆశ వదులుకోవద్దనీ, కనీసం రెండోరోజు దాకా పూర్తిగా ప్రయత్నించాలనీ అమెరికా వైద్య సూత్రాలు చెబుతున్నాయి. వదిలేస్తే పోతారు, పోయారు కాబట్టి వదిలేయడం సరైనదే అనిపిస్తుంది. ఈ గిరిలోంచి మన వైద్యమూ, మన కుటుంబాలూ బయటపడలేదు.

తలనొప్పి గురించి ఒక మాట. మెదడు పైపొరల కింద ఉబ్బిన ధమని బుడగ పగిలితే వచ్చే నొప్పి వేరు. క్షణాల్లో పతాకస్థాయికి వెళ్తుంది. "పుట్టి బుద్ధెరిగాక ఇంత తలనొప్పి ఎరగను" అంటారు. మెడ బిగుసుకుంటుంది. ఈ రకం ఆడవాళ్లలో ఎక్కువ, చాలాసార్లు యాభై చుట్టుపక్కల వయసులో. ఆ వయసు ఆడది తలనొప్పి అంటే మన ఇళ్లలో వచ్చే జవాబు, "నీకెప్పుడూ ఏదో ఒక నొప్పే కదా." ఒకసారి కారి ఆగిన బుడగ మళ్లీ పగలడానికి ఎక్కువ అవకాశం మొదటి రోజే. ఆ రోజును ఆమె మాత్రేసుకుని, వంట చేసి, పడుకుని గడుపుతుంది.

ఓర్పును మనం గొప్ప గుణంగా పెంచుకున్నాం. 2024లో ఆధ్యాత్మిక గురువు జగ్గీ వాసుదేవ్ తీవ్రమైన తలనొప్పిని వారాల తరబడి భరిస్తూనే శివరాత్రి కార్యక్రమాలు నడిపారనీ, మార్చి 17న ఢిల్లీలో తలకు అత్యవసర శస్త్రచికిత్స జరిగిందనీ మనమంతా చదివాం. నొప్పితోనూ పనిచేశారని చాలామంది మెచ్చుకున్నారు. ఆయనకు చికిత్స అందింది, కోలుకున్నారు. మన ఇంట్లో వారాలపాటు తలనొప్పి భరిస్తున్నవాళ్లను ఢిల్లీ తీసుకెళ్లే ఏర్పాటు లేదు. వాళ్ల ఓర్పును మెచ్చుకోవడంలో ప్రమాదం ఉంది.

పెద్దవాళ్ల సంగతి ఇంకా బాధాకరం. బాత్రూములో జారి తలకు చిన్న దెబ్బ తగులుతుంది. రక్తం రాలేదు, బొప్పి కూడా లేదు, అందరం ఊరుకుంటాం. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి పైపొరల మధ్య సన్నటి సిరలు తెగి రక్తం మెల్లగా, వారాల తరబడి చేరుతుంది. నడక తూలుతుంది. పేర్లు మరిచిపోతారు. పగలంతా నిద్ర. "వయసైపోయింది, చాదస్తం వచ్చింది" అని మనం తేల్చేస్తాం. నిజానికి పుర్రెకు చిన్న రంధ్రం వేసి ఆ రక్తాన్ని తీసేస్తే చాలామంది మళ్లీ మన పేర్లు పిలుస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. మాజీ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 2020 ఆగస్టులో ఇంట్లో జారిపడ్డాక మెదడులో గడ్డ తీయడానికి శస్త్రచికిత్స చేయాల్సివచ్చింది, ఆ నెలాఖరున పోయారు. దేశమంతా ఆ వార్త చదివింది. చదివాక బాత్రూములో పట్టుకునే కడ్డీ బిగించుకున్న ఇళ్లెన్ని?

ఇంతకంటే సిగ్గుపడాల్సింది రోడ్డు మీది చావుల గురించి. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతే, వారిలో 50,029 మంది హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులూ, వెనక కూర్చున్నవాళ్లూ. పోలీసు కనబడితే పెట్టుకుని, మలుపు తిరగ్గానే తీసి అద్దానికి తగిలించడం మనమంతా రోజూ చూస్తున్నదే. కణత దగ్గర ఎముక పగిలి దాని కింది ధమని తెగితే ఒక విచిత్రం జరుగుతుంది. దెబ్బ తగిలినవాడు కాసేపు తెలివితప్పి, మళ్లీ లేచి, మాట్లాడి, "నాకేం కాలేదు" అంటాడు. లోపల రక్తం చేరుతూనే ఉంటుంది. గంటల్లో మగతలోకి జారిపోతాడు. నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చిలో కెనడాలో మంచు మీద జారిపడి, బాగానే ఉన్నానని సహాయం వద్దని పంపేసింది. రెండు రోజుల తర్వాత పోయింది. వెంటనే పుర్రె తెరిచి ఆ రక్తం తీసేస్తే ఇది చాలావరకు బతికించగలిగిన జబ్బు.

మన ఊళ్లలో ఆ మగత గంటలకు ఇంకో పేరుంది. "తాగి పడిపోయాడు, మత్తు దిగాక లేస్తాడు." సారా వాసన వచ్చిందంటే చాలు, అతని తలలో ఏముందో చూడాల్సిన పని మనకు లేదు. పెళ్లి ఊరేగింపు నుంచి తెచ్చి అరుగు మీద పడుకోబెట్టిన కుర్రాడు గురక పెడుతున్నాడనుకున్నాం. ఆ గురక నిద్రది కాదు. పోలీస్ స్టేషన్లలో, బస్టాండుల్లో, కొన్నిసార్లు ఆసుపత్రి వరండాల్లో కూడా ఇలాగే తాగుబోతు అని వదిలేశాం. తాగినవాడికి తలలో రక్తం కారే ప్రమాదం మామూలువాడికంటే ఎక్కువ. పడిపోతాడు, రక్తం గడ్డకట్టే శక్తీ తగ్గి ఉంటుంది. లేపితే లేవనివాడు, వాంతులు చేసుకుంటున్నవాడు, ఒక కనుపాప పెద్దదైనవాడు తాగినా తాగకపోయినా ఆసుపత్రిలో ఉండాలి. రోడ్డు మీద పడినవాడిని తీసుకెళ్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం కూడా ఇప్పుడు నిలవదు. సుప్రీంకోర్టు 2016లో, మోటారు వాహనాల చట్ట సవరణ 2019లో సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చాయి. చట్టం మారి ఇన్నేళ్లయినా మనం మాత్రం ఫోన్ తీసి వీడియో తీస్తున్నాం.

గర్భిణుల్లో గుర్రపువాతం అని పెద్దవాళ్లు పిలిచేది కూడా రక్తపోటు వ్యవహారమే. ఫిట్స్ వచ్చి పోయిన తల్లుల్లో చాలామందిని బలి తీసుకున్నది మెదడులో రక్తస్రావం. కాళ్లవాపు, తలనొప్పి, కళ్లు మసకలు అని ఏడో నెలలో ఆమె చెప్పినప్పుడు "కడుపుతో ఉన్నాక ఇవన్నీ మామూలే" అన్నది మన ఇంటి ఆడవాళ్లే, చాలా నమ్మకంగా.

మా పత్రికలవాళ్ల లెక్క కూడా చెప్పాలి. ఎవరైనా పేరున్న మనిషి ఇలా పోతే మేము "హఠాన్మరణం" అని పెద్ద అక్షరాలు పెట్టాం. ఆ మనిషి పదేళ్ల బీపీ గురించి రాయడం అగౌరవమనుకున్నాం. పసరు మందు ఊళ్ల గురించి, అక్కడ ఆదివారం చేరే జనం గురించి ఆసక్తికరమైన కథనాలు రాశాం, బొమ్మలు వేశాం. అక్కడికి వెళ్లిన ప్రయాణంలో గడిచిపోయిన గంటల గురించి రాయలేదు. పుష్కరానికోసారి ప్రపంచ పక్షవాత దినం గుర్తొస్తే లోపలి పేజీలో ఒక పెట్టె వేశాం, అది కూడా ప్రకటన ఇచ్చిన ఆసుపత్రి డాక్టరు బొమ్మతో. సినిమావాళ్లు తలకు ఒక దెబ్బ తగిలితే గతం మరిచిపోవడం, ఇంకో దెబ్బ తగిలితే గుర్తుకురావడం రెండు తరాలకు చూపించారు. చూసి నమ్మిన పిల్లలు ఇవాళ బండ్లు నడుపుతున్నారు. కేరళ ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల్లో పక్షవాతానికి ప్రత్యేక విభాగాలు పెట్టి శిరస్ అనే పేరుతో నడుపుతోంది. అలాంటిది మనకెందుకు లేదని మా సంపాదకీయాల్లో మేము గట్టిగా అడిగిందీ లేదు, ఎన్నికల సభల్లో జనం అడిగిందీ లేదు.

బతికి ఇంటికొచ్చినవాళ్ల విషయంలోనూ ఇదే వరస. మొదటి మూడు నెలలు కదలికలు తిరిగొచ్చే కాలం. ఆ కాలంలో రోజూ చేయించాల్సిన వ్యాయామాన్ని, డబ్బు చాలకనో, ఓపిక చాలకనో, "దేవుడు చల్లగా చూస్తే లేస్తాడు" అని వదిలేస్తాం. బీపీ మాత్ర ఒక ఏడాది శ్రద్ధగా వేయిస్తాం. తర్వాత మళ్లీ పాత మాటే, ఎన్నాళ్లు మింగుతాడు అని. ఒకసారి చిట్లినవాళ్లలో రెండోసారి రాకుండా అడ్డుకునే అన్నిటికంటే బలమైన ఆయుధం రక్తపోటు అదుపే. ఆయన్ని మంచం మీంచి లేపి, స్నానం చేయించి, అన్నం తినిపించి, రాత్రుళ్లు మూడుసార్లు పక్కకు తిప్పేది దాదాపు ప్రతి ఇంట్లోనూ భార్యే, లేదా కోడలు. ఏభై దాటినావిడ. నిద్ర లేదు, నడుంనొప్పి, అప్పుడప్పుడూ తలపోటు. ఆ ఇంటికి ఫిజియోథెరపిస్టు వస్తాడు, చుట్టాలొస్తారు, 104 బండి వస్తుంది. అందరూ ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, రాసుకుని వెళ్తారు. ఆమెకు ఎవరూ చూడలేదు.